హైదరాబాదు కట్టడాలు, తాండూరు రాయి

హైదరాబాదు వాస్తుశిల్పం అనగా 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్థాపించిన హైదరాబాదు నగరంలో ఆనాటి నుండి నేటి వరకు వెలసిన కట్టడాల శైలులు, వాటికి వాడిన సామగ్రి, నిర్మాణ పద్ధతులు. ఈ విషయాన్ని సాధారణంగా కుతుబ్‌షాహీ శైలి, అసఫ్‌జాహీ శైలి, ఐరోపా శైలి, ఆధునిక శైలి అని రాజవంశాల వరుసలో వివరిస్తారు. అయితే గుమ్మటాలను, కమానులను మాత్రమే చూస్తే ఈ కట్టడాలు ఎందుకు నిలిచాయో, ఇప్పుడు ఎందుకు శిథిలమవుతున్నాయో అర్థం కాదు. దానికి రాయిని, సున్నాన్ని, సిమెంటును గురించి తెలుసుకోవాలి. అందువలన ఈ వ్యాసంలో నగరానికి పడమట ఉన్న వికారాబాదు, తాండూరు ప్రాంతాల ప్రస్తావన తరచుగా వస్తుంది. నగరం మధ్యగా పారే మూసీ నది వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టింది. నగరానికి వచ్చిన మొదటి రైలుమార్గం తాండూరు, వికారాబాదుల మీదుగా వేయబడింది. నగరంలోని లెక్కలేనన్ని ఇళ్ళ నేలపై పరచిన బండలు తాండూరు గనుల నుండి వచ్చాయి. ఈ రెండు పట్టణాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలో ఉన్నాయి. అంతకు ముందు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి.

రెండు రాళ్ళు

హైదరాబాదు నగరం గ్రానైటు నేలపై ఉన్నది. ఈ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. గోల్కొండ కోట నిలిచిన కొండ, బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ ప్రాంతాలలో ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే గుండ్లు అన్నీ గ్రానైటే. ఇది మిక్కిలి కఠినమైనది, బరువును బాగా మోస్తుంది, కాని సన్నని పలకలుగా చీలదు. పైగా దానిపై సున్నితమైన నగిషీ చెక్కటం చాలా శ్రమతో కూడిన పని. కాబట్టి హైదరాబాదు శిల్పులు గ్రానైటుతో గోడలు, కమానులు కట్టి, పూలు, తీగలు, చిలుకలు వంటి అలంకారాలను సున్నపు గారతో తీర్చారు. హళేబీడు, రామప్ప గుడులలో శిల్పి రాతిలో చెక్కిన దానిని ఇక్కడి శిల్పి గారలో మలచాడు.

తాండూరు రాయి వేరు జాతికి చెందినది. ఇది సున్నపురాయి. భీమా నది పరీవాహక ప్రాంతంలో, నేటి కర్ణాటకలోని కలబురగి, యాదగిరి జిల్లాల నుండి తాండూరు వరకు వ్యాపించిన శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు భీమా శిలాసముదాయం అంటారు. ఒకప్పుడు ఇక్కడ ఉన్న సముద్రపు అడుగున మెత్తని సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకొని, గట్టిపడి ఈ రాయి ఏర్పడింది. పుస్తకంలో పుటల వలె పొరలుండటం వలన ఉలి మొనను అంచున పెట్టి సమ్మెటతో తగినంత బలంగా కొడితే పలకగా విడిపోతుంది. రెండు వైపులా దాదాపు చదునుగా ఉండే రాయిని ప్రకృతే తయారుచేసి ఇచ్చినట్లయింది. నీలి ఛాయ గల బూడిద రంగు, పసుపు రంగు బండలు ప్రసిద్ధమైనవి. వీటినే నాపరాళ్ళు అని, నాపబండలు అని కూడా అంటారు. హైదరాబాదులో చాలామంది తాండూరు బండను కూడా "షాబాదు బండ" అనే పిలుస్తారు. షాబాదు (షహాబాద్) కలబురగి జిల్లాలోని పట్టణం. అక్కడి రాయి కూడా ఇదే శిలాసముదాయానికి చెందినది కనుక ఆ పేరు పూర్తిగా తప్పు అనలేము.

తాండూరు పరిసర గ్రామాలలో ఈ బండను నేలకే కాక గోడలకు, పైకప్పులకు, అరుగులకు, పొలం గట్ల వెంట కంచెగా నిలబెట్టటానికి కూడా వాడారు. రాయి దొరికే చోట ఇల్లు ఆ రాయి ఆకారాన్నే పొందుతుందనటానికి ఈ గ్రామాలు మంచి ఉదాహరణ. భవనాల చరిత్ర రాసేవారు వీటి వైపు చూడకపోవటం విచారకరం.

సున్నం ఎలా గట్టిపడుతుంది

పాఠశాలలో సున్నపుతేటలోకి గొట్టంతో గాలి ఊదే ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. తేట క్రమంగా పాలవలె తెల్లబడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) సున్నంతో కలిసి తిరిగి సున్నపురాయి ఏర్పడటమే దీనికి కారణం. చార్మినారును నాలుగు శతాబ్దాలకు పైగా పట్టి ఉంచినది కూడా ఈ చర్యయే.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాల్చితే దానిలోని బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోతుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి నుండి 44 కిలోల వాయువు పోగా 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. దానిపై నీరు పోస్తే బుసబుసమని పొంగి, వేడెక్కి, తడిసున్నం అవుతుంది. ఈ తడిసున్నాన్ని కొన్ని వారాలు, కొన్నిచోట్ల నెలల తరబడి నీటిలో మాగనిచ్చి, ఇసుక, ఇటుక పొడి చేర్చి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో మెత్తగా నూరేవారు. ఇదే డంగు సున్నం. దానిలో బెల్లపు నీరు, కరక్కాయ కషాయం, మినుముల జిగురు, గుడ్డు సొన వంటివి అవసరాన్ని బట్టి కలిపేవారు. బెల్లం సున్నానికి పని తీరును, కరక్కాయ గట్టిదనాన్ని ఇస్తాయని మేస్త్రీల అనుభవం.

గోడపై పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ తిరిగి రాయిగా మారుతుంది. ఈ మార్పు పైపొర నుండి లోపలికి మెల్లగా సాగుతుంది. మందమైన గోడల లోపల ఏళ్ళు పట్టవచ్చును. సున్నపు పూతకు సన్నని రంధ్రాలుంటాయి. వానకు గోడలో చేరిన తేమ ఎండకు ఆ రంధ్రాల గుండా ఆరిపోతుంది. గోడ కొద్దిగా కదిలినా సున్నం కొంతవరకు వంగుతుంది. సన్నని బీటలు వస్తే వాన నీటిలో కరిగిన సున్నమే తిరిగి పేరుకొని వాటిని పూడ్చుతుంది. ఈ గుణం పాత కట్టడాలన్నింటికీ ప్రాణం వంటిది. అయితే పైపూతను కొన్నేళ్ళకొకసారి మరల వేయాలి, కప్పుపై మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్ళతో సహా తీయాలి. ఈ సేవ ఆగిన నాటి నుండి సున్నపు కట్టడం క్షీణించటం మొదలవుతుంది.

కుతుబ్‌షాహీ కట్టడాలు

గోల్కొండలో జనం, నీటి ఎద్దడి పెరగటంతో కుతుబ్‌షాహీలు మూసీ నదికి దక్షిణాన కొత్త నగరాన్ని తలపెట్టారు. నది దాటటానికి పురానాపూల్ వంతెన అంతకు ముందే, 1578లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టబడింది. కొత్త నగర ప్రణాళికను ప్రధానమంత్రి మీర్ మొమిన్ అస్త్రాబాదీ రూపొందించాడు. రెండు రాజమార్గాలు కలిసే చోట 1591లో చార్మినారు నిర్మించబడినది. ఇది ఒక్కొక్క వైపు సుమారు 20 మీటర్లున్న చతురస్రం. మీనారుల ఎత్తు 48.7 మీటర్లు. పై అంతస్తులో మసీదు ఉన్నది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో చేర్చినవి. వాటిని కుతుబ్‌షాహీల నాటివని భావించరాదు.

చార్మినారు గోడలు గ్రానైటు, సున్నంతో కట్టినవి. మీనారులపై కనిపించే నగిషీ అంతా గారపని. 2019 మే నెలలో ఒక మీనారు నుండి గార పెళ్ళలు ఊడి కింద పడ్డాయి. వార్తలలో చార్మినారు కూలుతున్నదన్నట్లు వ్రాశారు గాని, ఊడినది పైపూత. దానిని మరల డంగు సున్నంతోనే సరిచేయవలసి ఉంటుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలు నేడు తక్కువ.

సమీపంలోని మక్కా మసీదు నిర్మాణం 1617లో మహమ్మద్ కుతుబ్‌షా ప్రారంభించగా, గోల్కొండ రాజ్యం పతనమైన తరువాత ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయింది. అంటే 77 సంవత్సరాలు పట్టింది. ఇక్కడ గారకంటే గ్రానైటు ప్రధానం కావటం వలన దీని రూపం చార్మినారు కంటె గంభీరంగా, నిరాడంబరంగా ఉంటుంది. రెండింటినీ ఒకే రోజున చూసినవారికి సామగ్రి మారితే శైలి ఎలా మారుతుందో వేరే పాఠం అక్కరలేదు.

గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధులు 106 ఎకరాల ప్రాంగణంలో ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దంలో జరిగిన మరమ్మతులలో వీటి గుమ్మటాలపై, గోడలపై సిమెంటు పూశారు. 2013లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు మొదలుపెట్టిన పునరుద్ధరణలో ఆ సిమెంటు పొరలను తొలగించి సంప్రదాయ పద్ధతిలో సున్నం పూశారు. మెట్లబావులను కూడా బాగుచేశారు. ఈ పని ముగింపు ఉత్సవం 2024 జూలైలో జరిగింది. సిమెంటు పూత వలన కలిగే హానిని క్రింద వివరించాము.

వికార్-ఉల్-ఉమ్రా, ఫలక్‌నుమా

అసఫ్‌జాహీల కాలంలో నగరానికి ఐరోపా శైలులు వచ్చాయి. బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కోఠీలో కట్టించిన రెసిడెన్సీ భవనం (ప్రారంభం 1803) వీటిలో ముఖ్యమైనది. ముందు వైపు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, విశాలమైన మెట్లు ఉంటాయి. చూడటానికి గ్రీకు, రోమను భవనం వలె కనిపించే ఈ కట్టడం కూడా డంగు సున్నం పూసినదే. తరువాత ఇది కోఠీ మహిళా కళాశాల అయినది. చాలా కాలం శిథిలావస్థలో ఉన్న ఈ భవనం వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సహకారంతో పునరుద్ధరించబడి 2023లో సందర్శకులకు తెరవబడింది.

ఐరోపా ప్రభావం విషయంలో వికారాబాదుకు ప్రత్యేక సంబంధం కలదు. ఆ ఊరికి పేరు పైగా వంశీయుడైన నవాబు సర్ వికార్-ఉల్-ఉమ్రా నుండి వచ్చింది. కొందరు విద్యార్థులు "వికారం" అనే తెలుగు మాటతో ఈ పేరును ముడిపెట్టి నవ్వుకోవటం కద్దు. ఉర్దూలో "వికార్" అనగా గౌరవం, హుందాతనం. పైగాలు నిజాములతో వివాహ సంబంధాలు గల సామంత ప్రభువులు. వికారాబాదు ప్రాంతం వారి జాగీరులో ఉండేది. వికార్-ఉల్-ఉమ్రా ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ సోదరిని వివాహమాడాడు, రాజ్యానికి ప్రధానమంత్రిగా కూడా పనిచేశాడు.

ఈయన 1884లో నగరానికి దక్షిణాన ఉన్న గుట్టపై ఫలక్‌నుమా ప్యాలెస్ నిర్మాణం ప్రారంభించాడు. విలియం వార్డ్ మారెట్ దీని వాస్తుశిల్పి. పై నుండి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందని ప్రసిద్ధి. ఇటలీ పాలరాయి, ఐరోపా నుండి తెప్పించిన గాజు, కలప సామగ్రి, 101 మంది కూర్చుని భోంచేయగల బల్ల దీని విశేషాలు. నిర్మాణ వ్యయం వికార్-ఉల్-ఉమ్రాను అప్పులపాలు చేసింది. 1897 ప్రాంతంలో భవనం నిజాము చేతికి వెళ్ళింది. దీర్ఘకాలం మూతపడి ఉండి, 2010 నవంబరులో తాజ్ హోటలుగా తెరవబడింది.

ఐరోపా పర్యటనలో స్పెయిను దేశపు కార్డోవా మసీదును చూసి ముగ్ధుడైన వికార్-ఉల్-ఉమ్రా అటువంటి మసీదును బేగంపేటలో తలపెట్టాడు. అది ఆయన మరణానంతరం 1906లో పూర్తయింది. స్పానిష్ మసీదుగా ప్రసిద్ధి చెందిన దీనికి గుమ్మటాలు లేవు, వాటికి బదులు కోసుగా ఉండే శిఖరాలున్నాయి. లోపల వరుస కమానులు ఎర్ర, తెల్ల చారలతో ఉంటాయి. ఐరోపాను చూసివచ్చి, ఆ ఖండంలోని ఇస్లామిక శిల్పాన్ని ఎన్నుకొనటం ఈయన అభిరుచికి నిదర్శనం. వ్యాసకర్త దృష్టిలో ఫలక్‌నుమా కంటె ఈ చిన్న మసీదే మేలైన కట్టడం.

రైలు, బండల రవాణా

రాయి బరువైన సరుకు. ఎడ్లబండ్లపై మోసే కాలంలో ఎంత మంచి రాయి అయినా గని చుట్టూ కొన్ని మైళ్ళకు మించి పోయేది కాదు. 1874లో బొంబాయి - మద్రాసు రైలుమార్గం మీది వాడి నుండి సికింద్రాబాదుకు నిజాము ప్రభుత్వ వ్యయంతో రైలుమార్గం తెరవబడింది. అది చిత్తాపూర్, సేడం, తాండూరు, వికారాబాదుల మీదుగా వెళ్తుంది. బండల గనులున్న సున్నపురాతి ప్రాంతం గుండా వెళ్ళే ఈ మార్గం వలన షాబాదు, తాండూరు బండ రాజధానికి చౌకగా చేరే వీలు కలిగింది.

ఇరవయ్యవ శతాబ్దంలో నగరంలోని మధ్యతరగతి ఇళ్ళు, ప్రభుత్వ కార్యాలయాలు, పాఠశాలలు, ఆసుపత్రి వరండాలు, రైల్వే ప్లాట్‌ఫారాలు ఈ బండలతో నిండాయి. రెండడుగుల చదరపు బండ, అంగుళం నుండి అంగుళంన్నర మందం సాధారణ కొలత. వేసవిలో అడుగు పెడితే చల్లగా ఉండటం, ఏళ్ళ తరబడి నడిచిన కొద్దీ నునుపు తేలటం దీని గుణాలు. వంటింటి గట్టు, గోడ అలమరాల అరలు కూడా దీనితోనే చేసేవారు. ఈ రాయికి పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మరసం ఒలికిన చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. సున్నపురాయిపై ఆమ్లం పనిచేయటమే దీనికి కారణం. స్నానాల గదులు కడిగే యాసిడ్ మరింత హాని చేస్తుంది. ఈ సంగతి తెలియక మంచి నేలలను పాడుచేసుకొన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

మూసీ వరద తరువాత

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద నగర చరిత్రను మార్చివేసింది. అనంతగిరి వైపు నుండి వచ్చే ఈ నది మామూలు రోజులలో కాలువంత ఉంటుంది. ఆ రోజున నగరం నడిబొడ్డున వేలాది ఇళ్ళను కూల్చింది. సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికీ ఉన్నది.

వరద నివారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు నిర్మించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. నది ఒడ్డున కూలిన బస్తీల స్థానంలో పెద్ద ప్రజా భవనాలు వెలిశాయి. వీటిలో ముఖ్యమైన వాటిని రూపొందించినవాడు విన్సెంట్ ఎష్. ఈయన అంతకు ముందు కలకత్తాలోని విక్టోరియా మెమోరియల్ నిర్మాణంలో పనిచేశాడు. దక్షిణపు ఒడ్డున హైకోర్టు (1920లో ప్రారంభం), సిటీ కళాశాల, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి (1925), కాచిగూడ రైల్వే స్టేషను (1916) ఈయన పేరుతో ముడిపడినవి. హైకోర్టు నమూనాను జైపూరుకు చెందిన శంకర్ లాల్ గీయగా ఎష్ దానిని అమలుపరచాడు. గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి కలిపి కట్టిన ఈ భవనం నది అవతలి నుండి చూడదగినది. మొఅజ్జంజాహీ మార్కెట్ (1935) కూడా ఈ పరంపరలోనిదే. ఇది పూర్తిగా గ్రానైటు కట్టడం.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనం ఈ కాలపు కట్టడాలలో తలమానికం. దీనికోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు నిపుణులను ప్రపంచంలోని ప్రముఖ విశ్వవిద్యాలయాలను చూసి రమ్మని ప్రభుత్వం పంపింది. కైరోలో హీలియోపోలిస్ నగర నిర్మాణంలో పాల్గొన్న బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా తయారుచేశాడు. 1934లో శంకుస్థాపన జరిగి 1939 డిసెంబరు 4న ప్రారంభమైనది. గులాబి రంగు గ్రానైటు గోడలు, అజంతా, ఎల్లోరా గుహలను తలపించే స్తంభాలు, వాటిపై ఇస్లామిక కమాను ఒకే ముఖభాగంలో కలిసి ఉంటాయి. వేర్వేరు శైలులను ఒకచోట చేర్చితే సాధారణంగా అతుకుల బొంత అవుతుంది. ఇక్కడ అలా కాకపోవటానికి గోడ అంతా ఒకే రాయి కావటం ఒక ముఖ్య కారణం.

సిమెంటు యుగం

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. సున్నపురాయిని బంకమట్టితో కలిపి మరింత అధికమైన వేడిలో, సుమారు 1450 డిగ్రీలలో, కాల్చి పొడిచేస్తే నేటి సిమెంటు వస్తుంది. ఇది సున్నం వలె గాలి కోసం ఎదురుచూడదు. నీటితోనే గట్టిపడుతుంది, కొన్ని వారాలలో బలం పొందుతుంది. ఉక్కు చువ్వలతో కలిస్తే దూరపు దూలాలను, సన్నని కప్పులను నిలపగలదు. పదిహేను అంతస్తుల భవనం సున్నంతో సాధ్యం కాదు. కాబట్టి సిమెంటును నిందించటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, సున్నపు గోడపై సిమెంటు పూసినపుడు. సిమెంటు పూత దట్టమైనది. గోడలోకి కప్పు నుండి, పునాది నుండి చేరిన తేమ బయటికి పోలేదు. తేమతో పాటు వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా పేరుకొని సున్నాన్ని పొడిపొడి చేస్తాయి. కొన్నేళ్ళకు సిమెంటు పెద్ద పెళ్ళలుగా, తనతో పాటు పాత గోడను కూడా పట్టుకొని ఊడిపోతుంది. బయటికి గట్టిగా కనిపించే గోడ లోపల గుల్లబారి ఉంటుంది. గత శతాబ్దంలో మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతులే ఎన్నో కట్టడాలకు ఈ విధంగా కీడు చేశాయి.

సున్నానికి, సిమెంటుకు ముడిసరుకు ఒక్కటే. తాండూరు సమీపంలోని కరన్‌కోటలో కేంద్రప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉన్నది. ఆ ప్రాంతంలో ప్రైవేటు సిమెంటు కర్మాగారాలు కూడా ఉన్నాయి. ఈ విధంగా ఒకే నేల నుండి నగరానికి బండా, సిమెంటూ రెండూ వస్తున్నాయి.

కొత్త నగరం

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించాడు. గుండ్రని ఈ పది అంతస్తుల భవనం నుండి హైటెక్ సిటీ విస్తరించింది. తరువాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల వరకు గాజు తొడిగిన భవనాలు వచ్చాయి. 2006లో భవన విస్తీర్ణంపై ఉన్న నిష్పత్తి పరిమితిని ప్రభుత్వం తొలగించటంతో ఎత్తు మరింత పెరిగింది. ఈ విస్తరణలో వందల కోట్ల ఏళ్ళ నాటి గుండ్లను పేల్చివేశారు. వాటిని కాపాడటానికి 1996 నుండి "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంస్థ కృషి చేస్తున్నది.

గాజు గోడ చలి దేశాలలో ఎండను లోపలికి రప్పించటానికి పనికి వచ్చిన ఉపాయం. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటే చోట అదే గాజు లోపలి వేడిని పెంచి, యంత్రాలతో చల్లబరచే ఖర్చును పెంచుతుంది. ఈ చిక్కును ఎదుర్కొన్న కట్టడం కూడా హైటెక్ సిటీ పక్కనే ఉన్నది. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరును కరణ్ గ్రోవర్ రూపొందించాడు. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, ఎండను వడగట్టే జాలీ గోడలు, కప్పుపై గడ్డి దీని లక్షణాలు. పర్యావరణ అనుకూల భవనాలకు అమెరికా సంస్థ ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును ఆ దేశం వెలుపల మొదట పొందిన భవనంగా దీనికి పేరున్నది. జాలీ అనేది పైగా సమాధులలో అందరూ చూసి మెచ్చుకొనే పాత పద్ధతే.

2020 జూలైలో పాత సచివాలయ భవనాలను కూల్చి, ఆ స్థలంలో కొత్త సచివాలయం కట్టారు. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన ఈ భవనానికి అంబేద్కర్ పేరు పెట్టారు. చెన్నైకి చెందిన ఆస్కార్, పొన్ని కాన్సెసావో దంపతులు వాస్తుశిల్పులు. ఎత్తు 265 అడుగులు. గుమ్మటాలతో పాత హైదరాబాదును గుర్తుచేసే రూపం ఇచ్చినా అస్థిపంజరం కాంక్రీటుదే. పాత గుమ్మటం తన బరువును తానే మోసేది; ఇక్కడ గుమ్మటం అలంకారం మాత్రమే.

చట్టం, న్యాయస్థానం

1981 నాటి నగర జోనింగ్ నిబంధనలలో 13వ నిబంధన వారసత్వ కట్టడాలకు, కొన్ని శిలా సమూహాలకు రక్షణ కల్పించింది. 2015లో ప్రభుత్వం దానిని తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో శాసనసభకు కొత్త భవనం కట్టటానికి ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించగా, అదే ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. 1870 ప్రాంతంలో నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ ప్యాలెస్ ఆ విధంగా మిగిలింది.

ఉస్మానియా ఆసుపత్రి సమస్య దీనికంటె క్లిష్టమైనది. ప్యాలెస్ ఖాళీగా ఉన్నా ఎవరికీ ప్రాణాపాయం లేదు. ఆసుపత్రి అలా కాదు. 2020 జూలైలో వార్డులలోకి వాన నీరు చేరటంతో పాత భవనం నుండి రోగులను తరలించి దానిని మూసివేశారు. రోగుల భద్రత కోసం కూల్చాలని కొందరు, కప్పులను, మురుగు కాలువలను బాగుచేస్తే నిలుస్తుందని కొందరు వాదించారు. చివరకు కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. నదీ తీరంలోని పాత గుమ్మటాలు అక్కడే ఉన్నాయి.

తాండూరులో ప్రస్తుత స్థితి

గుజరాత్‌లోని మోర్బీ నుండి వచ్చే నిగనిగలాడే టైల్స్ ఇళ్ళలో తాండూరు బండ స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. బండలను యంత్రాలపై కోసి మెరుగుపెట్టే పాలిషింగ్ యూనిట్లు తాండూరులో ఇప్పటికీ పెద్ద ఉపాధి. వాటి నుండి వచ్చే తెల్లని బురద, గనుల వద్ద గుట్టలుగా పడిన ముక్కరాయి, రోడ్లపై ధూళి ఆ పట్టణ ప్రజల నిత్య సమస్యలు. నగరపు నేల చల్లదనానికి గనిలోని కూలీ ఊపిరితిత్తులు వెల కడుతున్నాయన్న సంగతి భవనాల గురించిన పుస్తకాలలో సాధారణంగా కనిపించదు. గనుల పక్కనే కంది పొలాలున్నాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇంటి ఆవరణలకు, కాలిబాటలకు, తోటలకు, విశ్రాంతి గృహాలకు మెరుగుపెట్టని గరుకు బండకు గిరాకీ ఉన్నది. పాత ఇల్లు కూల్చినపుడు దొరికే బండలకు కూడా విలువ ఉంటుంది. సున్నం లేదా మట్టి పరుపుపై వేసిన బండ గడ్డపారతో కొద్దిగా ఎత్తితే పగలకుండా లేచి వస్తుంది. దానిని కడిగి, తిరగవేసి, ఇంకొక ఇంట్లో పరుస్తారు. సిమెంటుపై అతికించిన బండ మాత్రం లేచేటపుడు ముక్కలవుతుంది.